ఏమీ లేని ఇద్దరి పాట

ఈసారి మన పాట పాఠానికి అమెరికా దక్షిణాది నుంచి ఒక కంట్రీ పాట తీసుకున్నాను. పేరు 'లివిన్ ఆన్ లవ్'. రాసిందీ పాడిందీ అలన్ జాక్సన్. 1994లో వచ్చి, ఆ ఏడాదే బిల్‌బోర్డ్ కంట్రీ చార్టులో మొదటి స్థానానికి చేరింది. ప్రేమ ఒక్కటే పెట్టుబడిగా బతికిన జంట కథ ఇది. వినడానికి చాలా తేలిక. కానీ ఆ తేలికదనం వెనక ఒక లెక్క ఉంది, అది చూద్దాం.

కంట్రీ అంటే జానపదమేనా?

చాలామంది కంట్రీ సాంగ్‌ని 'జానపద గేయం' అని అనువదిస్తారు. అది పూర్తిగా సరికాదు. జానపదానికి సాధారణంగా రచయిత ఎవరో తెలియదు, నోటి నుంచి నోటికి మారుతూ వస్తుంది. కంట్రీ పాటకి రచయిత ఉంటాడు, రికార్డు కంపెనీ ఉంటుంది, చార్టులో ర్యాంకు ఉంటుంది. 1925లో నాష్‌విల్‌లో మొదలైన గ్రాండ్ ఓల్ ఆప్రి రేడియో కార్యక్రమం, 1927లో బ్రిస్టల్ అనే ఊళ్ళో రాల్ఫ్ పియర్ చేసిన రికార్డింగులు దీనికి పునాది వేశాయి. కొండ ప్రాంతాల జానపద బాణీలు ఇందులో కలిసి ఉన్నాయి, నిజమే. అయినా పుట్టుకతోనే ఇది రేడియో, గ్రామఫోన్‌ల బిడ్డ.

వాద్యాల్లో ఫిడేలుతో పాటు పెడల్ స్టీల్ గిటార్ ముఖ్యం. ఇది బల్లలా కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. ఒక చేత్తో తీగల మీద ఇనుప కడ్డీ జరుపుతారు, అంటే తీగ పొడవు మారుతుంది. పాదాలతో పెడల్స్, మోకాళ్ళతో లివర్లు నొక్కితే తీగ బిగువు మారుతుంది. రెండూ కలిసి స్వరాన్ని జారుస్తాయి. మన వీణలో తీగని పక్కకి లాగి గమకం పలికించడం వెనకా ఇదే ఫిజిక్స్: బిగువు పెరిగితే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. కంట్రీ పాటలో వినిపించే ఆ జీర అక్కడి నుంచే వస్తుంది.

పాట కట్టడం

మొదటి చరణంలో ఇద్దరు కుర్రవాళ్ళు. చేతిలో ఏమీ లేదు. పెళ్ళి ప్రమాణాలు చేసుకుని కాపురం మొదలుపెడతారు. పల్లవిలో వస్తువులన్నీ వాయిదాల మీద కొనుక్కుంటారు. మన భాషలో చెప్పాలంటే ఈఎంఐ బతుకు. రెండో చరణంలో ఇద్దరు ముసలివాళ్ళు. ఇప్పుడూ చేతిలో ఏమీ లేదు! పిల్లలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయనకి కళ్ళు కనబడవు. ఆవిడకి ఇల్లు ఊడ్చడం కూడా కష్టమే. ఇద్దరూ ఇంటి ముందు వరండాలో, గొలుసులకి వేలాడే ఉయ్యాల బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఉంటారు. అక్కడి వాళ్ళకి ఆ వరండా మన పల్లెటూరి అరుగులాంటిది.

రెండు చరణాల వాక్య నిర్మాణం దాదాపు ఒకటే. 'కుర్రవాళ్ళు' ఉన్న చోట 'ముసలివాళ్ళు' వచ్చింది, అంతే. మధ్యలో గడిచిన జీవితమంతా చెప్పకుండా వదిలేశాడు. మన సినిమాల్లో అయితే ఒక్క పాట పూర్తయ్యేలోపు హీరో ఇటుకలు మోసి, ఫ్యాక్టరీ కట్టి, కారు దిగుతాడు. ఇక్కడ ఆ మలుపే లేదు. వాళ్ళు గెలవలేదు, అయినా పాట వాళ్ళని ఓడిపోయినవాళ్ళుగా చూపించదు. ఈ పాటలో నాకు బాగా నచ్చింది ఇదే.

మరి పేదరికాన్ని పొగుడుతోందా?

ఈ అభ్యంతరం న్యాయమైనదే. ప్రేమ ఆసుపత్రి బిల్లు కట్టదు. పైగా ఇది పాడేనాటికి జాక్సన్ పెద్ద స్టార్. డబ్బున్నవాడు 'డబ్బు ముఖ్యం కాదు' అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది.

కానీ ఆయన నేపథ్యం చూడండి. జార్జియా రాష్ట్రంలో న్యూనన్ అనే చిన్న ఊరు. తాతగారి పనిముట్ల కొట్టం చుట్టూ కట్టుకున్న ఇల్లు. 1979లో హైస్కూల్ నాటి స్నేహితురాలు డెనీస్‌తో పెళ్ళి. 1985లో నాష్‌విల్ చేరి, ఒక టీవీ ఛానెల్ మెయిల్ రూంలో పని చేశాడు. అప్పటికి డెనీస్ ఎయిర్ హోస్టెస్. విమానాశ్రయంలో గాయకుడు గ్లెన్ క్యాంప్‌బెల్ కనిపిస్తే భర్త గురించి చెప్పి దారి కనుక్కున్నదీ ఆవిడే. తొలి ఆల్బమ్ 1990లో గానీ రాలేదు. కాబట్టి మొదటి చరణం ఆయనకి తెలియని జీవితం కాదు.

ఇంకో సంగతి. పాట వచ్చిన నాలుగేళ్ళకి, 1998లో, ఆ భార్యాభర్తలు కొన్ని నెలలు విడిగా ఉన్నారు. తర్వాత మళ్ళీ కలిశారు. 2003లో ఆయనే రాసిన 'రిమెంబర్ వెన్' పాటలో సంతోషంతో పాటు బాధ కూడా ఉంది, పోయిన ప్రేమని తిరిగి తెచ్చుకోవడం కూడా ఉంది. ఈ రెండు పాటలూ కలిపి వింటేనే పాఠం పూర్తవుతుందని నా అభిప్రాయం. మొదటిది ప్రేమ దేన్నైనా తట్టుకుంటుందని నమ్ముతుంది. రెండోది ఆ తట్టుకోవడానికి ఎంత ఖర్చవుతుందో చెబుతుంది.

ప్లేస్‌మెంట్ సీజన్‌లో మన మాటలన్నీ ప్యాకేజీ చుట్టూనే తిరుగుతాయి. పెళ్ళి చూపుల్లో కూడా మొదటి ప్రశ్న అదే. ఈ పాట జీతం వద్దనదు. వాయిదాలు ఉంటాయనీ, వయసు మీద పడుతుందనీ ఒప్పుకుంటుంది. 'ఎంత ఉంటే చాలు?' అనేది మాత్రం ఇద్దరూ కలిసి తేల్చుకోవాల్సిన లెక్క అంటుంది. ఇంటర్వ్యూలో ఎవరూ అడగని ప్రశ్న ఇది.

వినేటప్పుడు రెండో చరణం మొదట్లో ఆగి, మొదటి చరణంతో పోల్చి చూడండి. ఆ తర్వాత 'రిమెంబర్ వెన్' పెట్టుకోండి. మీకేమనిపించిందో క్లబ్ మీటింగ్‌లో మాట్లాడుకుందాం.