చెవిలో పాట, చేతిలో కథ



పోయిన పీటీఎంలో ఒక నాన్నగారు నన్ను ఇలా అడిగారు: "మేడమ్, మావోడు చెవులల్ల ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని కథ రాస్తున్న అంటడు. నిజంగ రాస్తున్నడా, పాటలు వింటున్నడా?" అదే రోజు మరో ఇద్దరు అమ్మలు కూడా ఇదే ప్రశ్న అడిగారు. ముగ్గురికీ నేను ఒకే జవాబు చెప్పాను: "రాసేటప్పుడు పాటలు బంద్ చేయించండి." ఆ జవాబు సగమే సరైనదని నాకు తర్వాత తెలిసింది. మిగతా సగం మీతో పంచుకోవడానికే ఈ నెల ఇది రాస్తున్నాను.

నేను అలా చెప్పడానికి కారణం లేకపోలేదు. ఎనిమిదో తరగతి క్రియేటివ్ రైటింగ్ హోమ్‌వర్క్‌లో ఆ బాబు ఇంగ్లిష్‌లో ఒక రైలు ప్రయాణం కథ రాశాడు. చక్కగా సాగుతున్న వాక్యం మధ్యలో ఒక సినిమా పాటలోని మాట వచ్చి కూర్చుంది. నేను దాని కింద ఎర్ర గీత గీశాను. ఇంట్లో పాటలు ఆపించారు. మరుసటి వారం నోట్‌బుక్‌లో తప్పులు లేవు, కథ కూడా లేదు. రెండు పేజీలు రాసే పిల్లవాడు ఆరు లైన్లు రాసి ఆపేశాడు. పక్కకు పిలిచి అడిగితే, "పాటలు వినడానికి కాదు మేడమ్, ఇంకేం వినబడొద్దని పెట్టుకుంట" అన్నాడు.

వాళ్లది లాల్‌దర్వాజ వైపు రెండు గదుల ఇల్లు. ఒక గదిలో నానమ్మ టీవీ సీరియల్, ఇంకో గదిలో చెల్లెలు ఎక్కాల పాఠం, కింద షాపు, బయట ఆటోల హారన్లు. పాతబస్తీలో మనలో చాలామంది ఇళ్లు ఇలాంటివే. ఆ బాబుకు ఇయర్‌ఫోన్స్ అంటే తలుపు లేని గదికి వేసుకున్న తలుపు. నేను దాన్ని తీయించాను, దాని బదులు ఏమీ ఇవ్వలేదు.

పాటలోని మాట ఎందుకు అడ్డుపడుతుంది?

కథ రాసేటప్పుడు మనం తర్వాతి వాక్యాన్ని మనసులోనే పలికి చూసుకుంటాం. అలా మాటలను కాసేపు పట్టి ఉంచే శక్తికి మనస్తత్వ శాస్త్రంలో 'వర్కింగ్ మెమరీ' అని పేరు. 1974లో బ్రిటన్‌కు చెందిన అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ దీని గురించి ఒక నమూనా ప్రతిపాదించారు. ఆ చోటు చిన్నది. పాటలోని మాటలు అందులోకి దూరితే మన వాక్యం బయటికి జారిపోతుంది. 1989లో బాడ్లీ మరొక పరిశోధకుడితో కలిసి చేసిన ప్రయోగాల్లో, అంకెల వరుసను గుర్తుపెట్టుకునే పనికి వాద్య సంగీతం కంటే గొంతుతో పాడిన పాట ఎక్కువ అడ్డుపడింది.

"అయితే భాష తెలియని పాటలు పెడితే?" అని ఒక అమ్మ అడిగారు. పరాయి భాషలోని మాట కూడా అడ్డుపడుతుందని 1976లోనే ఒక ప్రయోగంలో తేలింది. కాబట్టి కొరియన్ పాట పెట్టుకున్నా చిక్కు తీరదు.

ఇంకో విషయం కూడా చెప్పాలి. 2001లో అమెరికాలో కాలేజీ విద్యార్థుల మీద జరిగిన ఒక అధ్యయనంలో, వెనుక సంగీతం ఉన్నప్పుడు వాళ్లు వ్యాసం రాసే వేగం తగ్గింది. మాటలు లేని సంగీతంతో కూడా అదే జరిగింది. అంటే అన్నిటికంటే మంచిది నిశ్శబ్దమే. అది దొరకని ఇంట్లో మాత్రమే సంగీతం అవసరమవుతుంది.

"మొజార్ట్ వింటే తెలివి పెరుగుతుందట కదా?" అనే ప్రశ్న కూడా వస్తుంటుంది. ఆ మాట 1993లో 36 మంది కాలేజీ విద్యార్థులతో చేసిన ఒక ప్రయోగం నుంచి పుట్టింది. అందులో కనిపించిన లాభం ఆకారాలను ఊహించే ఒక రకం పరీక్షలో మాత్రమే, అదీ పది పదిహేను నిమిషాల సేపే. దాన్ని నమ్మి సీడీలు, యాప్‌లు కొనాల్సిన పని లేదు.

మరి ఏం వినిపించాలి?

మాటలు లేనిది, నెమ్మదిగా సాగేది, పిల్లలకు అలవాటైనది అయితే మంచిది. మనకు ఆ సంపద చాలా ఉంది. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణ, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్, పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్, బిస్మిల్లా ఖాన్ షెహనాయి, హరిప్రసాద్ చౌరాసియా వేణువు. ఒకటి ఎంచుకుని రోజూ అదే పెట్టండి. కొత్తదైతే పిల్లల ధ్యాస దాని మీదకే పోతుంది.

ఒక జాగ్రత్త. హిట్ సినిమా పాటను ఫ్లూట్ మీద వాయించింది పెట్టకండి. మా క్లాసులో ఒకసారి పెట్టి చూశాను. సగం మంది పెన్నులు ఆపి పెదవులు కదుపుతున్నారు. మాటలు వినబడకపోయినా పిల్లలు లోపల పాడేసుకుంటారు.

మరి ఇష్టమైన పాటలు పూర్తిగా మానాలా? అక్కర్లేదు. వాటిని రాయడానికి ముందు విననివ్వండి. కథలో పెళ్లి ఉందనుకోండి, మన వీధుల్లో బరాత్ ముందు మోగే మర్ఫా ఐదు నిమిషాలు వినమనండి. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన అరబ్బులు, సిద్దీల నుంచి మన నగరానికి వచ్చిన సంగీతం అది. కథలో దిగులు ఉంటే బడే గులాం అలీ ఖాన్ గానం వినిపించండి. 1968లో ఆయన కన్నుమూసింది మన హైదరాబాద్‌లోనే. సమాధి మన పాతబస్తీలోని దాయెరా మీర్ మోమిన్‌లో ఉంది. విన్న తర్వాత ఆపేసి, ఆ మూడ్‌లో రాయమనండి.

ఇంట్లో చేసి చూడండి

1. రోజూ ఒక అరగంట 'రాసే వేళ' అని పెట్టుకోండి. ఆ అరగంట టీవీ బంద్, పెద్దవాళ్ల ఫోన్ స్పీకర్ కూడా బంద్. ఇది కుదిరితే ఇయర్‌ఫోన్స్ అవసరమే ఉండదు.

2. అది కుదరకపోతే మాటలు లేని సంగీతం పెట్టండి. ముందే డౌన్‌లోడ్ చేసి ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. అసలు చదువు చెడగొట్టేది తరచూ పాట కాదు, పాటల మధ్య వచ్చే మెసేజ్.

3. సౌండ్ తగ్గించి పెట్టండి. పిల్లలకు 75 డెసిబెల్స్ మించకుండా, వారానికి 40 గంటల లోపే వినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సౌండ్ పెరిగే కొద్దీ ఆ గంటలు కూడా తగ్గాలి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా మీరు పక్కన నిలబడి పిలిస్తే వినబడాలి, అది చాలు.

4. రాసింది తిరిగి చదివేటప్పుడు ఏ సంగీతమూ వద్దు. పైకి చదవమనండి. తప్పులు చెవికే ముందు తెలుస్తాయి.

5. వారంలో ఒక రోజు సంగీతం లేకుండా పది నిమిషాలు బాల్కనీలోనో మెట్ల మీదనో కూర్చోబెట్టి, వినబడిన చప్పుళ్లన్నీ రాయమనండి. గుడి గంట, అజాన్, వరఖ్ కొట్టే సుత్తెల టకటక, కూరగాయల బండి కేక. ఏ భాషలో రాసినా పర్వాలేదు, తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చడం మేం నేర్పుతాం.

ఆ బాబు సంగతి చెప్పి ముగిస్తాను. వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి, నేను చెప్పింది సగమేనని ఒప్పుకున్నాను. ఇప్పుడు వాళ్లింట్లో ఏడు నుంచి ఏడున్నర వరకు టీవీ ఆపుతున్నారు. నానమ్మ ముందు ఒప్పుకోలేదట, కథ తనకు చదివి వినిపించాలనే షరతు మీద ఒప్పుకున్నారట. మనవడు ఇంగ్లిష్‌లో రాసి ఆమెకు తెలుగులో చెబుతున్నాడు. ఈ నెల కథ పేజీన్నర వచ్చింది. అందులో రాత్రి కింద షాపు షట్టర్ దించే చప్పుడు ఉంది. ఈసారి నేను గీత గీయలేదు, పక్కన 'గుడ్' అని రాశాను.

వచ్చే పీటీఎంకు మీ పిల్లల కథ నోట్‌బుక్ తప్పక తీసుకురండి. మార్కుల షీట్ చూసే ముందు ఒక పేజీ కలిసి చదువుదాం.

— మీ ఇంగ్లిష్ టీచర్