ఆపరేషన్ బాగా జరిగింది... ఇక చూడాల్సింది ఊపిరిని

ప్రశ్న: మా నాన్నకు 66 ఏళ్లు. పొలం గట్టు మీద జారిపడి తుంటి ఎముక విరిగితే ఖమ్మంలో ఆపరేషన్ చేయించాం. ఐసీయూ నుంచి వార్డుకు మార్చాక ఛాతీకి చిన్న ప్యాచ్ అతికించారు. వైర్లేమీ లేవు. నర్సుల దగ్గరున్న స్క్రీన్‌లో అన్నీ కనిపిస్తాయట. దీన్ని నమ్మొచ్చా? గుండె పక్కనే పెట్టారు కదా, రేడియేషన్ భయం లేదా?
– ఓ పాఠకుడు, కుసుమంచి

జవాబు: థియేటర్లోంచి క్షేమంగా బయటికొస్తే గండం గడిచినట్టేనని చాలామంది అనుకుంటారు. లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. గుండె ఆపరేషన్లు కాకుండా ఇతర ఆపరేషన్లు చేయించుకున్న 45 ఏళ్లు దాటిన 40 వేల మందిని 14 దేశాల్లో గమనించిన ‘విజన్’ అధ్యయనం 2019లో వెలువడింది. అందులో నెల రోజుల్లోపు చనిపోయినవారు 1.8 శాతం. ఈ మరణాల్లో థియేటర్లో జరిగినవి ఒక శాతం కూడా లేవు. దాదాపు 70 శాతం ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలో ఉండగా, మిగతావి డిశ్చార్జి అయ్యాక జరిగాయి.

వార్డులో సిస్టర్ నాలుగైదు గంటలకోసారి వచ్చి బీపీ, నాడి, ఆక్సిజన్ రాసుకుంటారు. మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 833 మంది రోగులకు ఆక్సిజన్ శాతాన్ని ఆపకుండా నమోదు చేసి, 2015లో ఫలితాలు ప్రకటించారు. గంట, అంతకంటే ఎక్కువసేపు ఆక్సిజన్ 90 కిందికి పడిపోయిన సందర్భాల్లో 90 శాతం నర్సుల రికార్డుల్లోకి ఎక్కనే లేదు. ఇది వాళ్ల నిర్లక్ష్యమని అనలేం. నిద్రపోతున్న మనిషిని లేపి చూస్తే నాలుగుసార్లు గట్టిగా గాలి పీలుస్తాడు, అంకె పెరిగిపోతుంది. పైగా నొప్పికిచ్చే మార్ఫిన్ లాంటి మందులు ఊపిరిని ఎక్కువగా మందగింపజేసేది నిద్రలోనే.

ఈ లోటు తీర్చడానికే ప్యాచ్. గుండె వేగాన్ని, ఊపిరి లెక్కను, కొన్ని రకాలైతే ఒంటి వేడిని కూడా పట్టుకుని వార్డులోని పెట్టెకు, అక్కడినుంచి స్క్రీన్‌కు పంపుతుంది. బెంగళూరు కంపెనీ డోజీ తయారుచేసేది ఇంకో రకం. అది పరుపు కింద పరిచే పల్చటి షీటు. గుండె కొట్టుకున్నప్పుడు, ఊపిరి తీసినప్పుడు ఒంట్లో పుట్టే సన్నని కదలికలను బట్టి లెక్కగడుతుంది.

రేడియేషన్ గురించి దిగులు వద్దు. ఈ ప్యాచ్‌లు మామూలుగా వాడేది బ్లూటూత్ లాంటి తక్కువ శక్తి తరంగాలు. జేబులోని సెల్‌ఫోన్ అంతకంటే చాలా ఎక్కువ శక్తితో పనిచేస్తుంది. అయితే నాన్నగారికి పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి. ఎమ్మారైకి వెళ్తే ప్యాచ్ తీయించండి. అతికించినచోట దురద, దద్దుర్లు వస్తే సిస్టర్‌కు చూపించండి.

నమ్మకం సంగతికొస్తే, ప్యాచ్ ప్రమాదాన్ని పసిగడుతుందే గానీ వైద్యం చేయదు. దీనివల్ల మరణాలు తగ్గాయని గట్టిగా తేల్చే రుజువులు ఇంకా లేవు. అలారం మోగినా పలికే మనిషి లేకపోతే ఉండీ ప్రయోజనం లేదు. అందుకే వార్డులో ఇవి అడగండి: రాత్రిపూట అలారం ఎవరికి వెళ్తుంది? ప్యాచ్ కొలవని బీపీ, ఆక్సిజన్‌లను ఎన్ని గంటలకోసారి చూస్తారు? దీనికి విడిగా బిల్లు వేస్తారా? ఆరోగ్యశ్రీ కింద చేరినవారు డబ్బు సంగతి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రతో మాట్లాడాలి.

ప్రశ్న: మా అత్తయ్యకు కడుపు ఆపరేషన్ అయింది. రెండు రోజుల్లో ఇంటికి పంపుతామన్నారు. ఊళ్లో పెద్దాసుపత్రి లేదు. అలాంటి ప్యాచ్ కొని ఇంట్లో పెట్టుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, కుసుమంచి మండలం

జవాబు: అవతలి వైపు ఆ అంకెలను రాత్రింబవళ్లు చూసే ఆసుపత్రి ఉంటేనే కొనండమ్మా. లేకపోతే డబ్బు దండగ. అందులో ముఖ్యమైన పని మీరే చేయగలరు. ఆమె ప్రశాంతంగా పడుకుని ఉన్నప్పుడు, చెప్పకుండా, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. పొట్ట, ఛాతీ పైకి లేచి కిందికి దిగితే ఒకటి. పెద్దవాళ్లకు 12 నుంచి 20 వరకు మామూలే. 20 దాటితే ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేయండి. 25, ఆపైన ఉన్నా, 8కి పడిపోయినా 108కి చేయండి. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చిన ముందస్తు హెచ్చరిక పట్టికలో కూడా ఈ రెండు హద్దులకూ అత్యధిక మార్కులే. ఒళ్లు తేడా చేస్తున్నప్పుడు చాలాసార్లు ముందుగా మారేది ఊపిరే. మనం లెక్కపెట్టకుండా వదిలేసేదీ అదే.

పల్స్ ఆక్సీమీటర్ ఉంటే రోజుకు మూడుసార్లు చూడండి. 92–95 ఉంటే డాక్టరుకు చెప్పండి. 91, అంతకంటే తక్కువైతే ఆలస్యం చేయొద్దు. పాత ఊపిరితిత్తుల జబ్బున్నవారికి హద్దులు వేరు, డిశ్చార్జికి ముందే అడిగి రాయించుకోండి. మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఆయాసపడినా వెంటనే బయల్దేరాలి. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కుట్ల దగ్గర చీము, ఆగని వాంతులు ఉంటే అదే రోజు చూపించాలి.

ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే నూనె రాసి మర్దన చేయకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు. నీరసమని ఊళ్లో సెలైన్ ఎక్కించుకుంటూ కూర్చోవడమూ వద్దు.

ప్రశ్న: వేళ్లకు గోరింటాకు ఉంటే ఆక్సీమీటర్ తప్పు చూపిస్తుందా?
– మరో పాఠకురాలు

జవాబు: ఎర్రగా పండిన మామూలు గోరింటాకుతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. నల్ల మెహందీ, ముదురు నెయిల్ పాలిష్ అంకెను చెడగొట్టొచ్చు. అనుమానం ఉంటే రంగు లేని వేలికి పెట్టండి. చేయి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరిచి, కదలకుండా ఉంచి, అంకె నిలకడగా నిలిచాకే రాసుకోండి. ఆక్సీమీటర్ 98 చూపిస్తున్నా మనిషి ఆయాసపడుతుంటే మాత్రం అంకెను పక్కనపెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.