ద్రౌపది వేషం అడిగిన మనవరాలికి

కార్వేటినగరం



ఈసారి ఊరి భారతం నాటకాల్లో ద్రౌపది వేషం నేనే కడతానని పట్టుబట్టినావంట. మీ నాయన ఫోన్ చేసి ఒకటే గోల. ఊరు ఒప్పుకోదని ఆయన దిగులు.

పగలు హరికథ, రాత్రి నాటకం జరిగే మన పక్క భారతాల్లో నేను చూసిన ద్రౌపదులంతా మగవాళ్లే. వాళ్లను తక్కువ చెయ్యను. ఆడవేషాలతోనే పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఆడపిల్ల ఆ వేషం ఎందుకు కట్టకూడదో ఇంతవరకు ఎవరూ నాకు సరిగ్గా చెప్పలేదు. ఈ ఊళ్లోనే సారంగపాణి రాసిన పదాలు పాడి, అభినయించింది ఆడవాళ్లు కాదా? పదాన్ని మెచ్చుకున్న నోళ్లే వాళ్లను చులకన చేసినాయి, అది వేరే సంగతి.

సురభి కమలాబాయి గారి గురించి నీకు తెలియాల. మన సీమలోనే, కడప జిల్లా సురభిలో, 1885లో వనారస గోవిందరావు గారు 'కీచకవధ'తో మొదలుపెట్టిన నాటక సమాజం వాళ్లది. ఆడవేషాలు ఆ ఇళ్ల ఆడవాళ్లే వేసేవాళ్లు. ఆ రోజుల్లో అదెంత తెగువో ఆలోచించు. హెచ్.ఎం. రెడ్డి గారు బొంబాయిలో తీసిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వస్తే అందులో లీలావతి కమలాబాయి గారే. వెనకనుంచి ఇంకొకరు పాడే వసతి అప్పట్లో లేదు. నటించేవాళ్లే కెమెరా ముందు పాడాల. నాటకాల్లో గట్టిపడిన గొంతు కాబట్టి నెగ్గుకొచ్చింది. అదే ఏడు 'పాదుకా పట్టాభిషేకం'లో సీత కూడా ఆమే. ఇరవై ఏళ్లు తిరక్కముందే, 1951లో 'పాతాళభైరవి'లో తోటరాముడి తల్లిగా వచ్చింది. నువ్వు ఆ సినిమా ఎన్నిసార్లో చూసింటావు, ఆ ముసలమ్మ ఎవరని ఎప్పుడైనా అడిగినావా?

ఆమె ఒంటరిగా గెలవలేదు పాపా. వెనక సమాజమంతా ఉండింది. నీ వెనక ఎవరున్నారు? అందుకే ముందు భారతం కమిటీవాళ్ల దగ్గరికి పోవద్దు, నాటకం నేర్పే వాద్యారు దగ్గరికి పో. తాళం తప్పకుండా పద్యం పాడడం నేర్చుకో. తెల్లవార్లూ గొంతు నిలవాల. రీల్స్‌లో నిమిషం పాడినంత సులువు కాదు. దుర్యోధన వధ నాడు ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంటే జనం చేతులెత్తి మొక్కుతారు. పెద్దల భయమంతా ఆ భక్తికి లోపం వస్తుందేమోనని. వాళ్లతో వాదం పెట్టుకోవద్దు, నియమాలన్నీ పాటిస్తానని చెప్పు. ఈ ఏడు సుభద్ర వేషమే ఇస్తామంటే మొహం ముడుచుకోకుండా కట్టు. వాద్యారు నీ పాట విన్నాక పైఏడు ఆయనే నీ తరఫున మాట్లాడతాడు.

సంక్రాంతి సెలవులకు వచ్చేయ్. మీ నాయనతో నేను మాట్లాడతా.

మీ అవ్వ