వరద తగ్గిన తరువాత ఒక గంట



మన సంఘములలో పని చేయు చేతులకు కొదువ లేదు. వరద సహాయమైనను, మహాసభల వంటపందిరి అయినను జట్టుగా కూడి చేయుదుము. పని ముగియగానే లెక్క అప్పగించి, వందనములు చెప్పి ఇండ్లకు వెళ్లిపోవుదుము. ఆ పని ఎట్లు జరిగినదో కూర్చుండి ఆలోచించుట మాత్రము అరుదు.

యానామునే చూడుడి. గౌతమీ గోదావరి ఒడ్డున 30 చదరపు కిలోమీటర్ల ప్రాంతము. పరిపాలన పుదుచ్చేరిది, నది హెచ్చరిక వచ్చునది ఆంధ్రప్రదేశ్‌లోని ధవళేశ్వరము నుండి. 1986 ఆగస్టులో అక్కడి బ్యారేజి నుండి సుమారు 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షలకు పైగా నీరు దిగివచ్చినది. రెండుసార్లును ఊరు మునిగినది. అనగా అక్కడికి సహాయమునకు వెళ్లు జట్టు మరల వెళ్లవలసినదే.

తీరమంతటికిని ఇట్టి అనుభవమే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది పోయిరి. ఆ తరువాత తుఫాను ఆశ్రయ భవనములు కట్టిరి, జనులను ముందుగా తరలించుట నేర్చుకొనిరి. 1990 మే తుఫానులో మృతులు వేయిలోపే. అయితే 1996 నవంబరు 6 రాత్రి కాకినాడ, యానాము ప్రాంతమును తాకిన తుఫానులో మరల వేయిమందికి పైగా మరణించిరి. వేటకు వెళ్లిన మత్స్యకారులు వందలాదిగా తిరిగి రాలేదు. ఒడ్డున దిద్దుకొన్న లోపము వేరు, సముద్రము మీద మిగిలిన లోపము వేరు. అందుచేత ఒకసారి ఆలోచించి ఊరకుండుట చాలదు.

మన జట్టు తిరిగి వచ్చిన వారములోగా ఒక గంట కూర్చుండవలెను. నెల దాటినచో “అంతా బాగానే జరిగినది” అను మాటే మిగులును. అమెరికా సైన్యము తన కసరత్తుల తరువాత అడుగు నాలుగు ప్రశ్నలు మనకును సరిపోవును. ఏమి జరగవలెనని అనుకొంటిమి? నిజముగా ఏమి జరిగినది? తేడా ఎందుకు వచ్చినది? ఈసారి ఏమి మార్చుదుము? మొదటి రెంటికే అరగంట ఇవ్వుడి.

ఒక వీధికి అన్నపు పొట్లాలు రెండుసార్లు చేరి, వెనుక పేటకు ఒక్కటియు చేరలేదనుకొందము. “ఆ తమ్ముడు చూచుకొనలేదు” అనుట సులువు. ఏ వీధికి ఎవరు వెళ్లినది వ్రాయుటకు ఒక పుస్తకమైనను ఉన్నదా అని అడిగినచో, తమ్ముడు మారినను మారని లోపము బయటపడును. కంప్యూటరు పనివారి జట్ల కొరకు నార్మన్ కెర్త్ 2001లో వెలువరించిన పుస్తకములో ఇదే నియమము పెట్టెను: ఆనాడు తెలిసినంతలో, చేతనైనంతలో ప్రతివారును మంచిగానే చేసిరని నమ్మి మాటలాడవలెను. (డబ్బు లెక్కలు వేరు. అవి కోశాధికారి, ఆడిటరు చూడవలసినవి. ఈ కూటములో కలిపినచో ఎవరును నోరు విప్పరు.)

మనవారిలో ఇంకొక చిక్కు కలదు. అయ్యగారు గాని సంఘపెద్ద గాని ముందుగా మాటలాడినచో, మిగిలినవారు “అంతేనండి” అని ఊరకుందురు. గనుక గిన్నెలు కడిగిన అమ్మలు, ఆటో తోలిన కుర్రవాడు ముందు చెప్పవలెను. అయ్యగారు చివర చెప్పుదురు. పెద్దలకు ఇది మొదట ఇబ్బందిగానే ఉండును, కాని అన్నము ఎక్కడ పాచిపోయినదో తెలిసినది ఆ అమ్మలకే.

తీర్మానములు పది వద్దు, ఒకటి రెండు చాలును. “ఇకమీదట జాగ్రత్తగా ఉందము” అనునది తీర్మానము కాదు. “ధవళేశ్వరము హెచ్చరిక వినగానే ఫోను చేయవలసిన ఇండ్ల జాబితాను జూన్ నెలాఖరులోగా కార్యదర్శి సిద్ధము చేయును” అనునది తీర్మానము. పేరు, తేదీ ఉన్నవి. తరువాతి కూటము ఆ కాగితము చదువుటతోనే మొదలు కావలెను. చాలా జట్లు ఇక్కడనే విడిచిపెట్టును, కాగితము బీరువాలో పడియుండును.

చర్చించుటకు: గడచినసారి మీ జట్టు చేసిన పనిని గూర్చి మొదట మాటలాడవలసినవారు ఎవరు? వారిని ఇంతవరకు ఎవరైనను అడిగిరా?