గడప దాక ఎనిమిది అడుగులు

చెల్లె, పొయ్యి మీద పని ఉంటె చేసుకుంటనే విను. ఇయ్యాల ముచ్చట జర బరువైంది. అయినా నీకు చెప్పకుంటె నా మనసాగదు.

మా కాశిబుగ్గ పెద్దమ్మ సంగతి. ముప్పై ఏండ్లు కండెలు చుట్టిన చేతులు ఆమెయి. రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. "ఇగ మందులతోని తగ్గేది కాదు, ఇంటికి తీస్కపోన్రి" అని దవాఖాన్ల చెప్పిన్రు. తీస్కపోయి ఎట్ల చూసుకోవాల్నో మాత్రం ఎవ్వరు చెప్పలే. మేమేం చేసినం? కదిలితే నొప్పైతదని మంచం దిగనియ్యలే. లేవబోతే "పండుకో పెద్దమ్మా" అని పండబెట్టినం. కూసోబెట్టాల్నంటె వాచిన చెయ్యే పట్టి గుంజినం. అంత ప్రేమతోనే చేసినం చెల్లె. మూడు వారాలల్ల కాళ్ల సత్తువ పోయింది, నడుము కింద తోలు ఎర్రబడ్డది.

అప్పుడు ఇంటికొచ్చి చూసే పాలియేటివ్ కేర్ (పెద్ద రోగంల బాధ తగ్గించే) టీముతోని ఒక ఫిజియోథెరపిస్టు పిల్ల వచ్చింది. పోయే మనిషికి కసరత్తులెందుకని నా మనసుల అనుకున్న. ఆ పిల్ల చెయ్యెత్తుమనలే, కాలు చాపుమనలే. మంచం పక్కన కింద కూసొని, "అమ్మమ్మా, నీకేం చెయ్యాలని ఉంది?" అనడిగింది. అన్ని రోజులల్ల ఆ మాట మేమొక్కరం కూడ అడగలే.

"పొద్దుగాల గడపల కూసొని చాయ్ తాగాలె బిడ్డా. కోడలు ముగ్గెట్లేస్తదో చూడాలె" అన్నది పెద్దమ్మ.

ఆ పిల్ల లేచి మంచం కాన్నుంచి గడప దాక నడిచి లెక్కబెట్టింది. ఎనిమిది అడుగులు. ఇగ పనంత ఆ ఎనిమిది అడుగుల కోసమే.

మంచం కిందికుంటె లేసేటప్పుడు బరువంత మోకాళ్ల మీద పడ్తదని నాలుగు కోళ్ల కింద కదలకుంట చెక్క దిమ్మెలు పెట్టించింది. నాలుగో అడుగు కాడ చేతుల కుర్చీ ఏయించింది, అలిసిపోతే కూలబడుటానికి. దమ్మొస్తే ముక్కుతోని పీల్చి, ఏడి చాయ్ ఊదినట్టు పెదవులు ముడిచి మెల్లగ వదులుమన్నది. ముందుకు వంగి మోచేతులు దిండు మీద ఆనించుమన్నది. చిన్న ఫ్యాను మొఖానికి పెట్టుమన్నది, ముక్కు మీద చెంపల మీద గాలి తగిలితే ఆయాసం తగ్గినట్టుంటదట. తానం చేసిన పూట నడక వద్దన్నది. "ఉన్న సత్తువ తానానికే అయిపోతే గడపకేం మిగుల్తది?" అన్నది. వాచిన చేతిని దిండు మీద ఎత్తుగ పెట్టి, ఏళ్ల కాన్నుంచి పైకి పద్ధతిగ పట్టీ చుట్టింది.

పదో రోజు పెద్దమ్మ గడపల కూసున్నది. సగం కప్పు చాయ్ తాగింది. ముగ్గుల ఒక గీత వంకర పోయిందని కోడలికి చెప్పింది. నాకు కండ్లల్ల నీళ్లాగలే.

అప్పటి సంది ఈ పని గురించి నలుగురినడిగి తెలుసుకున్న. సిసిలీ సాండర్స్ అనే ఆమె 1967ల లండన్ల ఆఖరి కాలంల ఉన్నోళ్లను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. ఆమె ముందుగాల నర్సు, తర్వాత సోషల్ వర్కరు, ఆఖరికి డాక్టరయింది. నొప్పంటె ఒంటి నొప్పొక్కటే కాదు, మనసుది, ఇంటిది, నమ్మకానిది కూడ అని చెప్పిన మనిషి. డీట్జ్ అనే అమెరికా డాక్టరు క్యాన్సర్ రోగుల పునరావాసాన్ని నాలుగు తీర్ల చెప్పిండు: నష్టం రాకుంట ఆపేది, పోయింది తిరిగి తెచ్చేది, ఉన్న లోటుతోనే బతుకు నడిపేది, ఆఖరి కాలంల సుఖం ఇచ్చేది. మనం పునరావాసమంటె రెండోదే అనుకుంటం. నాలుగోది కూడ పనే చెల్లె, చిన్న పని కాదు.

అందుల ఫిజియోథెరపిస్టు కదలిక, ఊపిరి చూస్తది. ఆక్యుపేషనల్ థెరపిస్టు రోజువారి పనులు చూస్తది: చెంచా పిడికి గుడ్డ చుట్టి పట్టు వచ్చేటట్టు చేసుడు, బాత్రూంల పట్టుకునే కడ్డీ, మంచం పక్కకు కమోడు కుర్చీ. స్పీచ్ థెరపిస్టు అంటె మాటలొక్కటే కాదు, మింగుడు కూడ చూస్తది. పల్చటి నీళ్లు పొలమారితే ఎంత చిక్కగ చెయ్యాలె, మెడ ఎట్ల పెట్టాలె, మాట రానోళ్లకు బొమ్మల పలక చూపించి ఏం కావాల్నో ఎట్ల అడగాలె, ఇయన్ని.

నెల దాటినంక పెద్దమ్మ నడక ఆగింది. ఆ పిల్ల మల్ల అదే అడిగింది: "ఇప్పుడేం కావాలె అమ్మమ్మా?" వాకిలి కనబడాలన్నది. మంచమే తలుపు కాడికి జరిపినం. రెండు గంటలకోసారి ఇద్దరం కలిసి, కింద పరిచిన దుప్పటి అంచులు పట్టి, గుంజకుంట పక్కకు తిప్పుడు నేర్పింది. మోకాళ్ల నడుమ దిండు, మడిమలు పరుపుకు తగలకుంట పిక్కల కింద ఇంకో దిండు. ఆఖరి దినం వచ్చినప్పుడు ఏ కసరత్తు చేయించలే. తల జర ఎత్తు చేసింది, దిండు సదిరింది, కోడలి చెయ్యి పట్టుకొని కూసున్నది. తెల్లారి పెద్దమ్మ వాకిలి దిక్కు మొఖం పెట్టుకొనే పోయింది.

మీ ఇంట్ల ఇసొంటి మనిషుంటె ఆలస్యం చెయ్యకు. మా లెక్క మూడు వారాలు పోగొట్టుకోకు. మన తెలంగాణ రాష్ట్రంల ప్రభుత్వ పాలియేటివ్ సెంటర్లల్ల డాక్టరు, నర్సులతోని పాటు ఫిజియోథెరపిస్టు కూడ ఉండాల్నని పెట్టిన్రు, ఇండ్లకొచ్చే బండికి 'ఆలన' అని పేరు. మీ ఆశా అక్కనడుగు, బస్తీ దవాఖాన్ల అడుగు. హైదరాబాద్ల ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన్ల పాలియేటివ్ విభాగముంది, 2011ల మొదలైన స్పర్శ్ హాస్పిస్ ఉంది. పోయినప్పుడు నొప్పి మందుతోని ఆగకు. "కూసోబెట్టుడు, తిప్పుడు, మింగుడు నేర్పేటోళ్లు ఎవరున్నరు?" అని నోరు తెరిచి అడుగు.

దానికంటె ముందు ఇంట్లనే ఒక పని చెయ్యి చెల్లె. మంచం పక్కన కూసొని "నీకేం చెయ్యాలని ఉంది?" అని అడుగు. జవాబొచ్చినంక లేచి, అక్కడికి ఎన్ని అడుగులో లెక్కబెట్టు.