మంచుబండి పందెపు కుక్కలు – జాతి ఎంపికలో ఒక పాఠము

సంతలో ఎద్దును కొనబోవు రైతు మొదట దాని ఎత్తును, కొమ్ముల తీరును చూచి మురియుట కద్దు. పెద్ద పశువే గట్టి పశువని మనలో చాలమంది నమ్మకము. ఇది ఎంతవరకు నిజమో తెలియుటకు, ఎద్దులకు మారుగా కుక్కలను బండికి కట్టు అలాస్కా ప్రాంతపు అనుభవమును గమనించుడు.

ఉత్తర అమెరికాలోని అలాస్కాలో శీతకాలమున నెలల తరబడి నేల మంచుతో కప్పబడియుండును. అచట చక్రముల బండి నడవదు. అడుగున రెండు బద్దలుండి మంచుపై జారిపోవు బండిని కుక్కల జట్టుచే లాగింతురు.

చిన్న కుక్కల గెలుపు

1908లో నోమ్ పట్టణమున ఈ బండ్లకు పెద్ద పందెము ప్రారంభమైనది. కాండిల్ అను ఊరికి పోయి తిరిగి రావలెను. మొత్తము 408 మైళ్లు. 1909లో సైబీరియానుండి తెచ్చిన కుక్కల జట్టొకటి పందెమునకు వచ్చినది. వాటి చిన్న ఆకారమును చూచి జనము నవ్విరి. ఆ జట్టు మూడవ స్థానము పొందినది. మరుసటి యేడు, 1910లో, జాన్ జాన్సన్ తోలిన సైబీరియా కుక్కలే సుమారు 74 గంటలలో గమ్యము చేరి గెలిచినవి.

1925లో నోమ్‌లో కంఠసర్పి వ్యాధి వ్యాపించినపుడు, రైలు దిగిన మందును 20 మంది తోలరులు చేతులు మార్చుకొనుచు, 674 మైళ్లు అయిదున్నర దినములలో చేర్చిరి. అందులో అన్నిటికన్న దీర్ఘమైన భాగమును నడిపిన జట్టునకు ముందు కుక్క టోగో. అదియు చిన్న ఆకారముగల సైబీరియా కుక్కయే.

ఏ జాతి ఏ పనికి?

1. అలాస్కన్ మాలమ్యూట్: మగకుక్క సుమారు 38 కిలోలు తూగును. మెల్లగా, గొప్ప బరువులను లాగును. పరుగు పందెమునకు అంత అనువు కాదు.

2. సైబీరియన్ హస్కీ: మగకుక్క 20 నుండి 27 కిలోలు. తేలిక బరువును మధ్యస్థమైన వేగముతో చాల దూరము లాగును.

3. అలాస్కన్ హస్కీ: ఇది పుస్తకమున నమోదైన జాతి కాదు. రంగును, రూపమును లెక్కింపక, బాగుగా పరుగెత్తిన కుక్కలనే తరతరములుగా జతపరచి సాధించినది. నేటి దూరపు పందెములలో దీనిదే పైచేయి.

4. వేటకుక్కల సంకరములు: చిన్న దూరపు పందెములలో మిక్కిలి వేగము గలవి. బొచ్చు పలుచన గనుక తీవ్రమైన చలికి ఆగవు.

మనము వలపటికి, దాపటికి ఎద్దులను ఏర్పరచునట్లు, వారును జట్టులో తావులు నిర్ణయింతురు. మాట గ్రహించునవి ముందు, బలము గలవి బండికి చేరువన కట్టబడును.

పోషణ, విశ్రాంతి

1973 నుండి జరుగుచున్న ఇడిటరోడ్ పందెము సుమారు 1,000 మైళ్లది. ఇట్టి శ్రమలో ఒక్కొక్క కుక్కకు దినమునకు దాదాపు 10,000 కాలరీల ఆహారము కావలెను. అది కష్టించు మనిషి తిండికి సుమారు మూడింతలు. అందు కొవ్వు పాలు ఎక్కువ. అరికాళ్లు చీలకుండ గుడ్డతొడుగులు వేయుదురు. త్రోవలో పశువైద్యులు పరీక్షింతురు. ఒకసారి 24 గంటలు, రెండుసార్లు 8 గంటల చొప్పున ఆగి తీరవలెనని నిబంధన. ఇంత జాగ్రత్త యున్నను కుక్కలు మరణించిన సందర్భములు కలవు. ఆ కారణమున ఈ పందెమును విమర్శించువారును ఉన్నారు.

మనకు దీనివలన తెలియునది

మొదటిది: హస్కీని చూచి ముచ్చటపడి మన యెండలకు తెచ్చుట మంచిది కాదు. దాని దట్టమైన రెండు వరుసల బొచ్చు చలికై ఏర్పడినది. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పోయదు. ముఖ్యముగా రొప్పుటచేత వేడిని వదలుకొనును. వేసవిలో వడదెబ్బకు గురియగును.

రెండవది: పశువును కొనునపుడు చేయింపబోవు పనిని ముందు తలచుడు. నల్లరేగడి దుక్కికి, బరువు బండికి ఒంగోలు ఎద్దు తగినది. వడిగా నడుచుటకు హళ్లికారు మేలు. కొమ్ములను చూచుటకు ముందు కొంతదూరము నడిపించి, కాళ్లను, గిట్టలను, ఊపిరిని పరీక్షింపుడు. ఆబోతును ఎన్నుకొనునపుడు దాని సంతతి చేసిన పనిని విచారింపుడు.

గ్రామాధికారులు ఈ సంగతిని సంతలకు పోవు రైతులకు ముందుగా తెలుపుదురుగాక. అప్పుచేసి కొన్న జత పనికి రాకపోయినచో, ఆ యేటి దుక్కియు, ఆ అప్పును రెండును రైతు నెత్తిపైననే పడును.