ఫోర్‌వీల్ డ్రైవు బండిలో చప్పుడు ఎక్కడిది?

కొండదారులలోను, వంతెనలేని ఏరుల వద్దను పాత జీపులు, పికప్పులు నేటికిని సరకులను, మనుష్యులను చేరవేయుచున్నవి. ఇట్టి బండి అడుగునుండి మ్రోత వినవచ్చినంతనే గేరుబాక్సు విప్పించుట పలువురి అలవాటు. నేనెరిగిన ఒక పికప్పు యజమాని రెండుమారులు విప్పించెను, మ్రోత పోలేదు. తుదకు దోషము వెనుక ప్రొపెల్లరు షాఫ్టు క్రాసులో బయటపడినది. ఘాటు దిగునప్పుడు ఆ క్రాసు తెగియున్నచో షాఫ్టు క్రిందపడి ప్రాణాపాయమే కలిగెడిది. కావున విప్పుటకు ముందు వినుట నేర్వవలెను.

ఇంజను శక్తి క్లచ్చి, గేరుబాక్సుల మీదుగా ట్రాన్స్‌ఫర్ కేసునకు చేరును. అచ్చటినుండి ఒక షాఫ్టు వెనుక ఇరుసునకు, మరియొకటి ముందు ఇరుసునకు పోవును. పాత బండ్లలో పెక్కింటికి ఈ రెంటి నడుమ డిఫరెన్షియల్ ఉండదు. ఫోర్‌వీల్ మీట వేసినచో రెండు షాఫ్టులును ఒకే వేగముతో తిరుగవలసినదే. మలుపులో ముందు చక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము పోవును. బురదలో చక్రము జారి ఆ తేడాను సరిపుచ్చుకొనును, తారురోడ్డుపై జారజాలదు. అప్పుడు స్టీరింగు బిగిసి, బండి కుదుపులతో టకటకలాడును. మీట వెనుకకు రాదు. ఇది యంత్రదోషము కాదు, వాడుకలోని పొరపాటు. తిన్నగా కొంచెము వెనుకకు నడిపినచో బిగువు సడలును. ముందు వెనుక టైర్ల అరుగుదలలో తేడా హెచ్చుగా ఉన్నను ఇదే బాధ.

ఇక అసలు చప్పుళ్లు. బండి నిలిచియుండగా న్యూట్రలులో మ్రోత వచ్చి, క్లచ్చి త్రొక్కగానే ఆగినచో గేరుబాక్సు ముందు బేరింగును అనుమానింపవలెను. బయలుదేరునప్పుడును, ముందు గేరునుండి రివర్సుకు మార్చునప్పుడును 'టక్' మన్నచో క్రాసు అరిగినదేమో చూడవలెను. షాఫ్టును చేతితో పట్టి త్రిప్పిన ఆ వదులు తెలియును. యాక్సిలరేటరు త్రొక్కినప్పుడు ఒక విధముగను, వదలినప్పుడు వేరొక విధముగను ఇరుసునుండి ఊళ వినబడినచో క్రౌను పినియనులను చూపింపవలెను. స్టీరింగును కొంచెము ఇటునటు త్రిప్పగా గురగుర హెచ్చుతగ్గులైనచో అది చాలవరకు చక్రపు బేరింగే.

మీట వేసినను ముందు చక్రములు లాగనిచో పరీక్ష సులభము. కాని మొదట సమతలముపై ఇంజను ఆపి, నేలనున్న చక్రముల కిరువైపుల రాళ్లు పెట్టవలెను. కొన్ని పాత జీపులలో హ్యాండుబ్రేకు చక్రముల వద్ద కాక ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, షాఫ్టు మొదట ఉండును. షాఫ్టు విప్పినను, వెనుక చక్ర మొకటి జాకీతో లేపినను అట్టి బ్రేకును నమ్మరాదు. ఈ సంగతి తెలియక బండి క్రింద దూరుట మిక్కిలి ప్రమాదము.

ముందు హబ్బులను వదులుచేసి, మీట ఫోర్‌వీలులో వేసి, ముందు షాఫ్టును చేతితో త్రిప్పవలెను. సులువుగా తిరుగుచున్నచో దోషము ట్రాన్స్‌ఫర్ కేసులోనో, మీట కడ్డీలలోనో కలదు. కదలనిచో ఆ భాగము మంచిదే. అప్పుడు మీటను టూవీలునకు తెచ్చి, రెండు హబ్బులను బిగించి, ఒక ముందు చక్రమును లేపి త్రిప్పవలెను. దానితోపాటు షాఫ్టు తిరుగనిచో హబ్బు పట్టుట లేదు, లేదా లోపలి కడ్డీ విరిగినది.

నూనె విషయము మరువరాదు. డ్రెయిను బిరడాపై సన్నని బూడిదరంగు ముద్ద సహజమే. ఇనుపపెళ్లలు కనబడినచో బండిని నడుపరాదు. ఏరు దాటిన పిదప నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినదన్నమాట. వేడి ఇరుసు నీటిలో చల్లబడునప్పుడు లోపలికి పీల్చుకొనును. ఆ నూనెను వెంటనే మార్పించి, ఇరుసుపైనున్న గాలిరంధ్రము మట్టితో మూసుకొనిపోయినదేమో చూడవలెను.